పొట్టు పొయ్యి, గుళికల పొయ్యి : ఒక విమర్శ

గోదావరి డెల్టాలో పొట్టు అను మాటకు ఊరినిబట్టి అర్థము మారును. రాజమహేంద్రవరపు కలప అడితీలలో పొట్టు అనగా రంపము క్రింద రాలిన పొడి. కోనసీమలో కొబ్బరి పీచు తీయుచోట పొట్టు అనగా పీచునుండి విడివడిన గోధుమరంగు పొడి. ధాన్యపు మిల్లుల వెనుక గుట్టలుగా పడునది ఊక. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత డెల్టా అంతయు వరిపొలమైనది గనుక ఊకకు కొరత లేదు. ఏజెన్సీ అడవుల కలప గోదావరిమీదుగా దిగివచ్చిన పట్టణము గనుక రాజమహేంద్రవరమున రంపపు పొట్టుకును కొరత లేకపోయినది. వీనిని వంటచెరకుగా వాడుకొనుట ఎట్లు అనునది ఇచ్చట పాత ప్రశ్నయే.

ఆ ప్రశ్నకు నేడు చెప్పబడుచున్న సమాధానము గుళిక. పొట్టును ఆరబెట్టి, ఉక్కు అచ్చు రంధ్రములగుండ గొప్ప ఒత్తిడితో నొక్కుదురు. అప్పుడు పుట్టు వేడికి కట్టెలోని లిగ్నిన్ అను పదార్థము మెత్తబడి జిగురువలె పనిచేయును. చల్లారిన పిమ్మట 6 లేక 8 మిల్లీమీటర్ల మందము గల గట్టి కడ్డీలు ఏర్పడును. ఘనమీటరు వదులు పొట్టు సుమారు 200 కిలోలు తూగగా, అంతే చోటులో గుళికలు సుమారు 650 కిలోలు పట్టును. కనుక మోతకును నిలువకును గుళిక మేలు.

మన దేశములో గుళికల పొయ్యికి చెప్పుకొనదగిన చరిత్ర కలదు. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ తోడ్పాటుతో, చిన్న విసనకఱ్ఱ మోటారు గల పొయ్యి ఒకటి 2006 ప్రాంతమున విపణిలోనికి వచ్చినది. మహారాష్ట్ర, కర్ణాటక మొదలగు రాష్ట్రములలో లక్షల సంఖ్యలో అమ్ముడైనది. ముడిసరుకు ధర పెరిగి గుళికల ధరయు పెరుగగా గృహములలో దాని వాడకము క్షీణించినది. ఇటీవల గుళిక మాట మరల వినిపించుచున్నది. బొగ్గు విద్యుత్కేంద్రములలో 5 శాతము జీవపదార్థ గుళికలను కలిపి మండించవలెనని కేంద్ర విద్యుత్ శాఖ 2021లో విధానము ప్రకటించినది.

గుళికలను మెచ్చుకొనువారు సాధారణముగ రెండు మాటలు చెప్పుదురు. మొదటిది, ఎండిన కట్టె గుళిక కిలో ఒక్కింటికి 4,000 కిలోకెలోరీలకు పైగా వేడి నిచ్చునని. రెండవది, పొగ రాదని. మొదటి మాట సరియైనదే. రెండవ మాట ఒక షరతుతో మాత్రమే సరియైనది. ఆ షరతును ప్రచార పత్రములు చెప్పవు. ఇంధనములను కెలోరిఫిక్ విలువలతో మాత్రమే పోల్చు పాఠములును చెప్పవు. సంచిలో గుళికలతోపాటు ఎంత నుసి ఉన్నదనునదే ఆ షరతు.

నుసి అనగా గుళికలు విరిగి, ఒరసికొని రాలిన పొడి. అది గుళిక చేయుటకు వాడిన పొట్టే. కిలోకు అది ఇచ్చు వేడి గుళిక ఇచ్చు వేడితో సమానము. ఐనను పొయ్యిలో రెండును ఒకే ఇంధనమువలె ప్రవర్తింపవు. దీనికి కారణము లెక్కలో తేలును.

6 మిల్లీమీటర్ల మందము, 20 మిల్లీమీటర్ల పొడవు గల గుళిక ఉపరితలము సుమారు 433 చదరపు మిల్లీమీటర్లు. అదే గుళికను అర మిల్లీమీటరు ఘనములుగా పొడిచేసినచో మొత్తము ఉపరితలము 6,700 చదరపు మిల్లీమీటర్లు దాటును. అనగా 15 రెట్లకు పైగా పెరుగును. దహనము ఉపరితలముమీద జరుగును గనుక నుసి ఇంకను బాగుగా మండవలెనని విద్యార్థి అనుకొనవచ్చును. గాలిలో చెదరియున్నపుడు అట్లే జరుగును. కఱ్ఱపొడి దట్టముగ ఎగిరినచోట నిప్పురవ్వ తగిలి ప్రేలుడు సంభవించుటకు కారణమిదే. కాని కుప్పగా ఉన్నపుడు కథ వేరు. లోపలి రేణువులకు ఆమ్లజని అందదు. ఉపరితలము ఉండియు ఉపయోగపడదు.

గుళికల రాశిని చూడుడు. ఒక్కొక్క గుళిక సాంద్రత ఘనమీటరుకు సుమారు 1,200 కిలోలు. రాశి సాంద్రత 650 కిలోలు. అనగా రాశిలో నూటికి సుమారు 45 వంతులు ఖాళీయే. పొయ్యి అడుగునుండి వచ్చు గాలి ఈ ఖాళీలగుండ పైకి పోవును. ఎండిన కట్టె బరువులో 75 మొదలు 80 శాతము వరకు వేడికి వాయువుగా మారునదే. ఆ వాయువులు పైనున్న రంధ్రములనుండి వచ్చు రెండవ గాలితో కలిసి మండినపుడే మంట నిర్మలముగ ఉండును. నుసి చేరినచో ఖాళీలు పూడిపోవును. క్రింది గాలి తగ్గును. నిప్పు రాజుకొనుచు పొగ చిమ్మును. కార్బన్ మోనాక్సైడ్ పెరుగును. విసనకఱ్ఱ వేగము హెచ్చించినచో నుసి పైకెగిరి సగము మండి బయటపడును. తొట్టినుండి మరచుట్టు ద్వారా గుళికలు జారు పొయ్యిలలో నుసి తొట్టి అడుగున పేరుకొని దారి బిగియించును.

గాలికి దారి ఉండవలెనను ఈ సూత్రము డెల్టా గృహిణులకు క్రొత్త కాదు. పాత పొట్టు పొయ్యియే దీనికి సాక్ష్యము. అడుగున ప్రక్కగా రంధ్రము గల రేకు డబ్బాలో నడుమ ఒక సీసానో గుండ్రని కఱ్ఱనో నిలిపి, రంధ్రమునుండి మరియొక కఱ్ఱను దూర్చి, చుట్టును పొట్టును గట్టిగా కూరుదురు. కఱ్ఱలను మెల్లగా తీసినచో లోపల మలుపు తిరిగిన గొట్టము మిగులును. క్రిందనుండి అంటించిన నిప్పు ఆ గొట్టపు గోడను మాత్రమే తినుచు గంటలకొలది మండును. పొట్టు వదులుగా ఉన్నచో గోడ కూలి పొయ్యి ఆరును. ఇచ్చట నుసియే ఇంధనము. దానికి గాలిదారిని చేతితో మలచి యిచ్చినారు. ఈ పొయ్యికి దోషములు కలవు. అంటించునపుడు పొగ వచ్చును. మంట తగ్గించుట, పెంచుట కష్టము. నడుమ ఇంధనము వేయ వీలుకాదు. ఐనను దానిని కల్పించినవారు పొట్టు స్వభావమును ఎరిగియుండిరి. గుళికల పొయ్యిని అమ్మువారు ఆ ఎరుకను వదలుకొనరాదు.

నుసి విషయము శాస్త్రజ్ఞులు మరువలేదు. అంతర్జాతీయ ప్రమాణ సంస్థ 2014లో ప్రకటించిన 17225వ ప్రమాణము రెండవ భాగము, 3.15 మిల్లీమీటర్ల జల్లెడనుండి దిగిన పొడిని నుసిగా లెక్కించినది. విడిగా పోయు గుళికలలో అది 1 శాతము, చిన్న సంచులలో అర శాతము మించరాదు. తేమ 10 శాతము మించరాదు. కాని ఈ నుసి కొలత కర్మాగారపు ద్వారము దగ్గరది. సంచి లారీ ఎక్కి, దిగి, కొట్టు మూలలో పడి, వంటయింటికి చేరువరకు ఎన్నిమారులు విసరబడునో అన్నిమారులు నుసి పెరుగును. డెల్టాలో ఇంకొక శత్రువు కలదు. అది వానకాలపు తేమ. గుళిక నీటిని పీల్చి ఉబ్బి విచ్చిపోవును. పొడి చలిదేశములో నిలిచిన సంచి కాకినాడ తీరపు గాలిలో అట్లే నిలుచునని అనుకొనుట పొరపాటు.

గుళిక అను పేరులోను ఒక చిక్కు కలదు. శ్రేష్ఠమైన కట్టె గుళికలో బూడిద 0.7 శాతము మించదు. ఊకలో బూడిద 15 మొదలు 20 శాతము వరకు ఉండును. అందులో అధికభాగము సిలికా. ఊక మండిన పిమ్మటను దాని బూడిద తన ఆకారమునే నిలుపుకొని గాలిదారికి అడ్డుపడును. ఊక గుళిక పనికిరానిదని దీని భావము కాదు. మిల్లుల బాయిలర్లలో ఊకయే మండుచున్నది. కాని కట్టె గుళికలకై చేసిన చిన్న పొయ్యిలో ఊక గుళిక వేసినచో నుసియు బూడిదయు కలిసి దానిని ఊపిరాడనీయవు. సంచిమీద ముడిసరుకు పేరు లేకుండ అమ్ముట ఖండింపదగినది.

దీపము పథకము 1999లోను, ఉజ్జ్వల పథకము 2016లోను వచ్చి గ్యాసును ఎన్నో ఇండ్లకు చేర్చినవి. ఐనను స్నానపు నీళ్లకు, పెద్ద వంటలకు కట్టె పొయ్యి ఇంకను కనిపించును. ఇంటిలోని పొగవలన 2020లో ప్రపంచమున 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొగ రాదని నమ్మి డబ్బు పెట్టిన ఇల్లాలికి నుసి నిండిన సంచి ఇచ్చినచో ఆమె చెల్లించిన ధరకు మరల పొగయే దక్కును. అప్పుడు ఆమె పొయ్యిని తప్పుపట్టి మూలకు నెట్టును.

నివారణ కష్టమైనది కాదు. గుళికలను పొయ్యిలో పోయుటకు ముందు జల్లెడ పట్టవలెను. ఆ పని ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకొని చేయుట మంచిది. కఱ్ఱపొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో క్యాన్సరు కారకముల జాబితాలో చేర్చినది. సంచిని నేలమీద గాక చెక్కలమీద, గోడకు దూరముగ ఉంచవలెను. దిగిన నుసిని గుప్పిళ్లతో మంటపై చల్లరాదు, ఒక్కమారుగా భగ్గుమనును. దానిని పొట్టు పొయ్యిలో కూరుకొనవచ్చును, లేదా గుళిక మిల్లుకే తిరిగి ఇయ్యవచ్చును.

పాఠశాలలో దీనిని ప్రయోగముగా చేయవచ్చును. 1 కిలో గుళికలను 3 మిల్లీమీటర్ల రంధ్రముల జల్లెడలో జల్లించి, దిగిన పొడిని తూచవలెను. 10 గ్రాములైనచో నుసి 1 శాతము. ఆ గుళికలనే నాలుగు దినములు వానగాలికి ఉంచి మరల జల్లించినచో భేదము తెలియును. ఒక గుళికను గ్లాసు నీటిలో వేయుడు. మంచి గుళిక మొదట మునుగును; కొద్ది నిముషములలో విచ్చి మరల పొట్టగును. కెలోరిఫిక్ విలువల పట్టిక చెప్పని విషయమును ఈ రెండు ప్రయోగములు పిల్లలకు చూపును.

గుళికల పొయ్యి మంచి సాధనమే. దానిని డెల్టాకు తెచ్చువారు సంచిమీద మూడు సంగతులు ముద్రింపవలెను: ముడిసరుకు ఏది, తేమ ఎంత, నుసి ఎంత. పొయ్యితోపాటు ఒక జల్లెడను కూడ ఇచ్చినచో ఇంకను మేలు.