బీమ్ చివర ఏముంది?

కంప్యూటర్లో ఉక్కు ఫ్రేము గీసేటప్పుడు బీమ్ ఒక గీత, కాలమ్ ఒక గీత, రెండూ కలిసేచోట ఒక చుక్క. అదే చోటుకి సైట్లో నిచ్చెనెక్కి చూస్తే ఎండ్ ప్లేటు, బోల్టుల వరసలు, కాలమ్ లోపల స్టిఫెనర్లు, వాటి చుట్టూ వెల్డింగు. ఈ సరంజామా అంతటి గుణాన్నీ మేం ఇంజనీర్లం ఒక్క క్లిక్కుతో తేల్చేస్తాం. తలుపు బందులా తిరుగుతుందంటే పిన్డ్, తిరగదంటే ఫిక్స్‌డ్. మూడో మాట లేదు.

ఉన్నవన్నీ నిజానికి ఆ మూడో మాటలోనే ఉన్నాయి. వెబ్‌కి రెండు క్లీట్ యాంగిళ్లు బిగించి వదిలేసిన చివరలోనూ ఎంతో కొంత బిగువుంటుంది. మందపాటి ఎండ్ ప్లేటు కూడా భారం పెరిగేకొద్దీ వంగుతుంది, బోల్టులు సాగుతాయి. ఇదేం కొత్త సంగతి కాదు. రివెట్ జాయింట్లు ఎంత బిగువో విల్సన్, మూర్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరీక్షించి 1917లోనే ప్రచురించారు.

తేడా ఎంతో లెక్కలో చూద్దాం. 8 మీటర్ల బీమ్, పొడవునా మీటరుకు 30 కిలోన్యూటన్ల భారం, కాలమ్‌లు కదలవనుకుందాం. పిన్డ్ అయితే మొమెంట్ మధ్యలో 240 కిలోన్యూటన్ మీటర్లు, చివర సున్నా. ఫిక్స్‌డ్ అయితే చివర 160, మధ్యలో 80. కూడితే ఎప్పుడూ 240యే. ఎవరికెంతో పంచిపెట్టేది జాయింటు. దాని బిగువు బీమ్ సొంత బిగువుకు కొలమానమైన ఈఐ బై ఎల్‌కి సరిగ్గా 6 రెట్లుంటే చివర 120, మధ్యలో 120. అంటే పిన్డ్ బీమ్‌కి పట్టే బలంలో సగం చాలు! యూరోకోడ్ 3 ప్రకారం అర రెట్టు లోపుంటే పిన్డ్. బ్రేసింగ్ గట్టిగా ఉన్న ఫ్రేముల్లో 8 రెట్లుంటే రిజిడ్, అంటే ఫిక్స్‌డ్. ఆ 8 దగ్గర కూడా చివరికి చేరేది 128 మాత్రమే. రిజిడ్ అనిపించుకోవడానికి ఎనభై శాతం మార్కులు చాలన్నమాట.

మన ఉక్కు కోడ్ ఐఎస్ 800లోనూ ఆ మూడో మాటకి, అంటే సెమీ రిజిడ్‌కి చోటుంది. 2007 కోడ్ ఎఫ్ అనుబంధంలో ఫ్రై, మోరిస్‌ల సమీకరణం ఇచ్చారు. ఆఫీసుల్లో ఆ పేజీ తెరిచేవాళ్లు నాకు అరుదుగా కనిపించారు. బద్ధకం అనను. బిగువు తెలియాలంటే జాయింటు డిజైన్ అయి ఉండాలి, జాయింటు డిజైన్‌కి మొమెంట్ కావాలి, మొమెంట్ రావాలంటే బిగువు తెలియాలి. పైగా చాలాచోట్ల కనెక్షన్ డ్రాయింగు ఫ్యాబ్రికేటర్ దగ్గర తయారవుతుంది, అదీ మా లెక్క ముగిశాక.

బిగువొక్కటే చూసినా సరిపోదు. 1994 జనవరి 17న లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. అక్కడి ఉక్కు మొమెంట్ ఫ్రేములేవీ కూలలేదు. బీమ్ చివర సాగి శక్తిని మింగుతుంది, వెల్డింగు నిలుస్తుంది అన్నది వాటిని కట్టినవాళ్ల నమ్మకం. గోడల తొడుగులు, అగ్నిరక్షణ పూతలు తీసి చూస్తే చాలా భవనాల్లో బీమ్ కింది ఫ్లాంజి వెల్డింగు దగ్గర పగుళ్లు. కొన్ని కాలమ్‌లోకీ పాకాయి. వెల్డింగు లోహానికి పగుళ్లను అడ్డుకునే గుణం తగినంత లేదు. కింద వదిలేసిన బ్యాకింగ్ పట్టీ పగులు మొదలవడానికి గాటులా పనికొచ్చింది. లెక్కలో అవన్నీ ఫిక్స్‌డ్ చుక్కలే. ఆ తర్వాత ప్రాచుర్యం పొందిన ఉపాయం నాకు భలే ఇష్టం: కాలమ్‌కి కాస్త ఇవతల బీమ్ ఫ్లాంజిలను కావాలనే కొంత కోసేస్తారు. సాగడం అక్కడ మొదలవుతుంది, వెల్డింగు బతుకుతుంది.

కొత్తగా వచ్చిన ఇంజనీర్లకు నా మనవి. బీమ్ చివర రిలీజ్ పెట్టేముందు, అంటే దాన్ని పిన్డ్ చేసేముందు, ఆ జాయింటు డ్రాయింగు అడిగి తెప్పించుకోండి. ఇంకా తయారు కాలేదంటే ఫ్రేమును రెండుసార్లు నడపండి, ఓసారి పిన్డ్‌గా, ఓసారి ఫిక్స్‌డ్‌గా. బీమ్‌కి మొదటిది, కాలమ్‌కీ బోల్టులకూ రెండోది తరచు కష్టం తెస్తాయి. ఎవరికి ఏది ఎక్కువైతే దానికే సైజు పెట్టండి. డ్రాయింగు వచ్చాక మళ్లీ ఒకసారి చూడండి.