ఆమ్‌స్టర్‌డామ్ పరీక్ష: ఒక విమర్శ

వృద్ధుల పేగులకు పట్టు జబ్బులలో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అను సూక్ష్మజీవి తెచ్చు విరేచనములు మిక్కిలి మొండివి. 1935లో హాల్, ఓటూల్ అనువారు దీనిని పసిబిడ్డల మలములో కనుగొన్నారు. ఆ బిడ్డలకు దానివలన బాధ లేదు. 65 ఏండ్లు దాటినవారి సంగతి వేరు. మరొక జబ్బుకు వాడిన యాంటీబయోటిక్ మందు పేగులోని సాధుజీవులను తుడిచిపెట్టగా, ఖాళీయైన చోట ఇది పెరిగి విషమును విడుచును. వాంకోమైసిన్ ఇచ్చిన తగ్గును. కాని సిద్ధబీజములు ఆ మందుకు చావవు. మందు మానినపిదప మరల మొలకెత్తును.

అట్లు తిరగబెట్టిన జబ్బుకు ఆరోగ్యవంతుని మలమును ఉప్పునీట కలిపి, వడగట్టి, ముక్కుగుండా వేసిన గొట్టముతో చిన్నపేగులోనికి పంపి చూచినవారు ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు. వాన్ నూడ్ బృందము వ్రాసిన ఆ వ్యాసము 2013 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడినది. వినుటకు ఏవగింపు కలుగును గాని, ఊహ కొత్తది కాదు. 1958లోనే అమెరికాలో ఐస్మన్ తీవ్రమైన పేగువాపుతోనున్న నలుగురికి ఇట్టి చికిత్స చేసియుండెను.

ఫలితము చూడుడు. మలద్రావణము పొందిన 16 మందిలో 13 మందికి ఒక్కసారితోనే నయమైనది. వాంకోమైసిన్ మాత్రమే పొందిన 13 మందిలో నలుగురికి, మందుతోపాటు పేగును కడిగిన 13 మందిలో ముగ్గురికి మాత్రమే నయమైనది. రోగుల సగటు వయస్సు దాపు 70 ఏండ్లు.

వ్యాసమును ఉటంకించువారు తరచు చెప్పునది 94 శాతము. అది ఎట్లు వచ్చినది? మొదట ఫలించని ముగ్గురికి వేరొక దాత మలము మరల ఇచ్చినారు, ఇద్దరు కోలుకొన్నారు. 16లో 15. ఎదుటి జట్లకు లెక్కలో అట్టి రెండవ అవకాశము లేదు. కనుక పోల్చదగిన అంకె 81 శాతమే. దీనిని తరగతిలో లెక్కగా ఇచ్చినను బాగుండును.

ఇంతకంటె పెద్ద లోపము ఎదుటి జట్టు ఎంపికలో ఉన్నది. వారికి ఇచ్చినది 14 దినముల వాంకోమైసిన్. మాటిమాటికి తిరగబెట్టు జబ్బుకు మోతాదును క్రమముగా తగ్గించుచు వారములకొలది ఇచ్చుట వైద్యులలో వాడుక. బలహీనుని ఎదుట నిలిపి కుస్తీ గెలిచినట్లు కాదా? టొరంటోలో ఆ దీర్ఘ చికిత్సతోనే పోల్చినారు. 2017లో వచ్చిన ఆ వ్యాసమున ఎనిమాగా మలమును పొందిన 16 మందిలో 9 మందికి, తగ్గింపు మోతాదు పొందిన 12 మందిలో ఐదుగురికి జబ్బు తిరగబెట్టినది. అదియు చిన్న పరీక్షయే, మార్గమును వేరు. అయినను ఆమ్‌స్టర్‌డామ్ అంకెలను చూచి పొంగిపోరాదు.

120 మందితో తలపెట్టిన పరీక్షను 43 మందితో ఆపివేసినారు. మందు జట్లలో దాదాపు అందరికి జబ్బు తిరగబెట్టుచుండగా కొనసాగించుట న్యాయము కాదని తలచుట సబబే. ఐతే ముందుగా ఆపిన పరీక్షలలో గుణము ఉన్నదానికంటె ఎక్కువగా కానవచ్చు ప్రమాదము గలదు. ఎవరికి ఏ చికిత్స జరిగినదో రోగులకు, వైద్యులకు తెలియును కూడ. ఇంత తేడా నమ్మకమువలననే వచ్చినదనుట మాత్రము కష్టము.

రోగనిరోధకశక్తి బాగా తగ్గినవారిని, తీవ్రచికిత్సా విభాగములోనున్నవారిని ఈ పరీక్షలో చేర్చుకొనలేదు. వృద్ధుల ఆసుపత్రులలో అట్టివారును ఉందురు. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, అట్లు శక్తి సన్నగిల్లిన ఇద్దరికి ఒకే దాత మలమునుండి మందులకు లొంగని ఈ.కోలై సోకినదని, వారిలో ఒకరు మరణించిరని హెచ్చరించినది. ఆ మలమును ఆ సూక్ష్మజీవికై ముందుగా పరీక్షించి యుండలేదు.