అట్టపెట్టె మీది కావ్యం

సమీక్షకు పుస్తకమే కావాలని ఏ లక్షణ గ్రంథంలోనూ రాసినట్టు లేదు. మన ఆడవాళ్ళం శ్రద్ధగా, చివరి అక్షరం దాకా చదివే రచనల్లో ముఖ్యమైనది, కొత్త వస్తువు కొనబోయేముందు దుకాణంవాళ్ళు చేతిలో పెట్టే రంగుల కాగితం. మిక్సీది చదివాం, వాషింగ్ మిషనుది చదివాం. ఇప్పుడు వాక్యూం క్లీనరు వంతు.

హనుమాన్ జంక్షన్ వాళ్ళకి ఈ కాగితం మీద మమకారం కాస్త ఎక్కువే ఉండటంలో వింతేం లేదు. ఒకవైపు విజయవాడ, ఒకవైపు ఏలూరు, ఇంకోవైపు నూజివీడు, మరోవైపు గుడివాడ. నాలుగు దారుల దుమ్మూ ఆంజనేయస్వామి సాక్షిగా మా ఇళ్ళల్లోనే మకాం. కోతల రోజుల్లో ధాన్యం ధూళి, వేసంగిలో మామిడికాయల లారీలు లేపే దుమ్ము, ఏడాది పొడుగునా హైవే మసి. పొద్దున తుడిచిన బల్లమీద సాయంత్రానికి పిల్లలచేత ఓనమాలు దిద్దించవచ్చు. అంచేత నాలుగైదు కంపెనీల కాగితాలు ముందేసుకుని, కావ్యం చదివినట్టే చదివాను. నాకు తోచిన గుణదోషాలు మనవి చేస్తాను.

అన్నిటికీ కథ ఒక్కటే. దుమ్ము రాక్షసుడు. మోటారు కథానాయకుడు. పట్టుచీర నలక్కుండా, జడలో పువ్వు వాడకుండా గొట్టం పట్టుకుని నవ్వే ఆవిడ నాయిక. రసం అద్భుతం, అలంకారం అతిశయోక్తి. ఇంతవరకూ నాకు పేచీ లేదు. అతిశయోక్తి లేని ప్రకటనా, ఉప్పులేని పప్పూ ఎవరికి రుచిస్తాయి? నా పేచీ అంతా ఒక్క మాటతో. ఆ మాట ‘పవర్’. దాని పక్కనే పెద్ద పెద్ద అంకెలు: 1200, 1600, 2000 వాట్లు. దుకాణంలో కుర్రాణ్ణి ఏమడిగినా ఆ అంకె మీదే వేలు పెడతాడు. “రెండు వేల వాట్లండీ మేడంగారూ, పరుపులో దుమ్మంతా లాగిపారేస్తుందండీ!”

వాట్లంటే ఆ మిషను తినే కరెంటు. చేసే పని సంగతి అందులో లేదు. పిల్లకి సంబంధం చూస్తూ “అబ్బాయి నెలకి ఎంత తెస్తాడండీ?” అని అడిగితే, మధ్యవర్తి మురిసిపోతూ “నెలకి ఎంత ఖర్చు పెడతాడో తెలుసా అండీ!” అన్నట్టుంటుంది ఈ లెక్క.

లోపల జరిగే సంగతి చాలా చిన్నది. మోటారు ఒక ఫ్యానును తిప్పుతుంది. ఫ్యాను లోపలి గాలిని బయటికి నెడుతుంది. లోపల గాలి పల్చబడేసరికి బయటి గాలి గొట్టంలోంచి దూసుకొస్తూ, దారిలో ఉన్న దుమ్మును వెంటబెట్టుకొస్తుంది. ఆ గాలికి లాగే బిగువూ ఉండాలి, ధారాళంగా పారే గుణమూ ఉండాలి. గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెడితే బిగువు బ్రహ్మాండంగా తెలుస్తుంది, కాని గాలి పారదు గనక ఒక్క నలుసు కూడా కదలదు. ఈ రెండూ కలిపి కట్టే కొలతకి ఎయిర్ వాట్లని పేరు. బిగువు ఒక్కదాన్నే పాస్కల్స్‌లో చెబుతారు. కొనేవాళ్ళు అడగవలసింది ఈ అంకెల్ని. అవి కాగితంలో ఉంటే చీమతలకాయంత అక్షరాల్లో ఉంటాయి, లేకపోతే అసలే ఉండవు.

ఇది నా సొంత చాదస్తం అనుకోకండి. యూరపు దేశాల కూటమి 2014 సెప్టెంబరు నుంచి 1600 వాట్లు దాటిన ఇంటి మిషన్లని, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లు దాటినవాటిని కొత్తగా మార్కెట్లోకి రానివ్వడం మానేసింది. అంతమాత్రాన అక్కడి ఇళ్ళు దుమ్ముకొట్టుకు పోలేదు. తక్కువ కరెంటుతోనే బాగా లాగేట్టు కంపెనీలు ఫ్యానుల్నీ, గొట్టాల మూతుల్నీ దిద్దుకున్నాయి. అక్కడ దాటకూడదన్న అంకెని ఇక్కడ బిరుదులా తగిలించడం ఏ అలంకారమో నాకు బోధపడలేదు.

పైగా మన 230 వోల్టుల లైనులో రెండు వేల వాట్ల మిషను దాదాపు 9 యాంపియర్లు లాగుతుంది. మంచం పక్కనుండే చిన్న ప్లగ్గు 6 యాంపియర్లది. గీజరుకీ, ఏసీకీ ఉండే పెద్ద ప్లగ్గు ప్రతి గదిలోనూ ఉందా? ఈ ప్రశ్న ఏ కాగితమూ వెయ్యదు.

రెండో దోషం, పరీక్ష. దుకాణంలో చూపించే మిషను కొత్తది, సంచి ఖాళీది. నేలమీద గుప్పెడు సుద్దపొడి చల్లుతాడు, చటుక్కున మాయం చేస్తాడు, మనం “ఆహా” అంటాం. కొత్త కోడలి పనితనానికి గృహప్రవేశం రోజునే మార్కులేసినట్టు! సంచి నిండుతున్నకొద్దీ, జల్లెడ పూడుకుపోతున్నకొద్దీ గాలి పారదు, బిగువు సడలుతుంది. యూరపులోనే మిషన్లకి గ్రేడ్లు ఇచ్చే పద్ధతి మీద డైసన్ కంపెనీ దావా వేస్తే, ఖాళీ సంచితో చేసిన పరీక్ష ఇంట్లో వాడకాన్ని చూపించదని 2018 నవంబరులో అక్కడి కోర్టు ఆ గ్రేడ్ల నిబంధనల్ని కొట్టేసింది. కాబట్టి “సగం నిండాక ఎలా లాగుతుంది? జల్లెడ కడగొచ్చా? కొత్తది ఎంతవుతుంది, ఎక్కడ దొరుకుతుంది?” అని అడగడం గయ్యాళితనమేమీ కాదు.

మూడో దోషం, దేశకాలాలు తెలియకపోవడం. ప్రతి కాగితంలోనూ చీలమండ మునిగేంత తివాచీ. తివాచీలకి పేరుపడ్డ ఏలూరు మా పక్కనే ఉన్నా మా ఇళ్ళల్లో ఉన్నవి టైల్సూ, మొజాయిక్కూ, నాపరాళ్ళూ. నున్నటి నేలకి రాక్షసబలం అక్కర్లేదు, చీపురూ తడిగుడ్డా చాలు. మిషను అక్కరకొచ్చేది పరుపులో, సోఫా సందుల్లో, కిటికీ మెష్‌లో, బీరువా వెనక, ఫ్యాను రెక్కలమీద. అందుకు కావలసింది పొడుగాటి గొట్టం, సన్నటి మూతి, ఎత్తి మేడమెక్కించగలిగే బరువు. తనంతట తనే తిరిగే రోబో మిషను ముద్దుగానే ఉంటుందిగాని, పసుపు రాసిన మన గడప దాటలేక అక్కడే తచ్చాడుతుంది. ఏ మిషనైనా సరే, దేవుడి గదిలో నిప్పు ఆరని అగరొత్తి బూడిద దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి, లోపలి సంచి అంటుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యం జల్లెడ. కంటికి కనబడే చెత్తని ఏ మిషనైనా లాగుతుంది. పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయేది కంటికి కనబడని ధూళి. జల్లెడ మంచిది కాకపోతే ఆ ధూళి ముందునుంచి లోపలికెళ్ళి వెనకనుంచి గదిలోకే వస్తుంది. అసలైన హెపా జల్లెడ 0.3 మైక్రాన్ల నలుసుల్లో 99.97 శాతం పట్టాలి. ఉబ్బసం ఉన్న ఇంట్లో వాట్లకంటే ముందు చూడవలసింది ఇదే.

ఆమాటకొస్తే ఇంట్లో వాడే మిషను దగ్గులోంచే పుట్టింది. 1901లో ఇంగ్లండులో హ్యూబర్ట్ బూత్ చేసిన మొదటి మిషను గుర్రబ్బండి మీద వీధిలో నిలబడేది, గొట్టాలు మాత్రం కిటికీల్లోంచి లోపలికి వెళ్ళేవి. ఇంట్లో పట్టే మిషనుకి దారి చూపించినవాడు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఒక భవనం ఊడ్చే జేమ్స్ స్పాంగ్లర్. దుమ్ముకి దగ్గు ఎక్కువై 1907లో ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఒక మిషను కట్టుకున్నాడు. మన దేశంలో 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ వాళ్ళు టైలు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి దాన్ని పరిచయం చేశారు.

ఊడ్చేవాడి బాధలోంచి పుట్టిన వస్తువు కావ్యంలోకి వచ్చేసరికి ఊడ్చే మనిషి ఏమైపోయింది? “పనిమనిషితో పనిలేదు” అన్న ఒక్క వాక్యంలో మాయమైపోయింది. నిజంగా జరిగేదేమిటి? పాడుచేస్తుందేమోనన్న భయంతో మిషను మనం దాచుకుంటాం, చీపురూ దుమ్మూ దగ్గూ ఆవిడకే ఉంచుతాం.

ఇక నాయిక. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అని ఒక పుస్తకం రాసింది. ఇంటి పనిలో పూర్వం మగవాళ్ళకీ పిల్లలకీ ఉన్న వాటాని యంత్రాలు తగ్గించాయనీ, తల్లి పని మాత్రం తగ్గలేదనీ ఆవిడ వాదం. తివాచీ ఆరుబయట వేసి దులపడం ఒకప్పుడు నలుగురి పని. మిషను వచ్చాక ఆవిడ ఒక్కదాని పని, అదీ వారం వారం. మన సంగతి చూడండి. సంక్రాంతి ముందు పరుపులు మేడమీదికి మోసేది మగవాళ్ళు, బూజుకర్ర పట్టేది పొడుగాటి కుర్రాడు. మిషను వచ్చిన ఇంట్లో “ఇంకేం, మిషనుందిగా, నువ్వే లాగెయ్” అంటారు. మిషను కొన్నది పని తగ్గడానికైతే, ఉన్న సాయం కూడా పోవడం ఏం లాభసాటి బేరం?

కావ్యం మొత్తానికి తీసిపారేసేది కాదు. ఉబ్బసం ఉన్నచోటా, పరుపులూ సోఫాలూ ఎక్కువున్నచోటా, రోడ్డువార ఇళ్ళల్లోనూ ఈ మిషను నిజంగా మేలు చేస్తుంది, వెయ్యి వాట్లకి అటూఇటూగా ఉన్నదే చాలు. కాని నాయిక పాత్ర మాత్రం తిరగరాసుకోవలసింది మనమే. చీపురు ముట్టుకోని మగవాడికి కూడా మోటారన్నా స్విచ్చన్నా సరదాయేగా. ఈసారి దుకాణానికి వెళ్ళినప్పుడు ఆ కుర్రాడు గొట్టం మీకు అందించబోతే, “మా వారికివ్వు నాయనా, ఇంట్లో ఆయనా పట్టుకోవాలి” అనండి. బరువెంతుందో, చప్పుడెంతుందో ఆయన్నే చెప్పనివ్వండి.