చేపపిల్ల చిన్నచేప కాదు

పాట్రిక్ రసెల్ అను వైద్యుడు 18వ శతాబ్ది చివర విశాఖపట్నంలో ఉండి అక్కడి చేపలను సేకరించి వర్ణించెను. ఆయన గ్రంథము 1803లో లండనులో వెలువడినది. 200 చేపల బొమ్మలతోపాటు స్థానికులు పలుకు తెలుగు పేర్లను గూడ అందులో చేర్చుట ఆ గ్రంథమునకు గల విశేషము.

ఆ కృషి ఘనమైనదే. కాని ఒక్కొక్క చేపకు ఒక్కొక్క బొమ్మ చూచిన పాఠకునకు, చేపకు పుట్టుక మొదలు ఒకే ఆకారమని తోచును. అది ఆనాటి పద్ధతి. రసెల్‌ను తప్పుపట్ట నక్కరలేదు. నేటి పాఠములో గూడ గుడ్డు, చిన్నచేప, పెద్దచేప అని మూడు బొమ్మలు గీసి తృప్తిపడినచో మాత్రము తప్పు మనదే.

పండుగప్పను తీసుకొందము. దీని గుడ్డు ఒక మిల్లీమీటరు గూడ ఉండదు. 28 డిగ్రీల వేడిగల నీటిలో సుమారు 17, 18 గంటలకు పిల్ల బయటపడును. దాని నిడివి సుమారు 1.5 మిల్లీమీటర్లు. అప్పటికి నోరు తెరచుకొనదు. విడివిడి రెక్కలకు బదులు ఒంటి అంచున ఒక పలుచని పొర యుండును. మొప్పలు సిద్ధమగువరకు ప్రాణవాయువు చర్మముగుండానే చేరును. పొట్టక్రింది సంచిలోని పచ్చసొనయే ఆహారము.

సుమారు మూడవనాటికి నోరు తెరచుకొనును, సొన తరిగిపోవుచుండును. ఇక పిల్ల తన ఆహారమును తానే పట్టుకొనవలెను. అందువలననే సముద్రచేపల పిల్లలలో తల, తోక ముందు త్వరగా పెరుగును; నడుమ భాగము వెనుకబడును. తినుటకు తల, ఈదుటకు తోక కావలెను గదా! పెద్దచేప పోలిక వచ్చుటకు సుమారు నెల పట్టును.

ఇది వట్టి ఆకారముల ముచ్చట కాదు. ఒక ఏడు చేపలు విరివిగా దొరకుట, మరొక ఏడు దొరకకుండుట ఎందువలన? గుడ్లెన్ని పెట్టినవన్న దానికన్న, లేత దశలో ఎన్ని పిల్లలు బ్రతికినవన్నదే ముఖ్యమని నార్వే శాస్త్రజ్ఞుడు యోహాన్ యోర్ట్ 1914లో వాదించెను. ఆకలితోపాటు శత్రువులకు చిక్కుట గూడ ఇందుకు కారణమని తరువాతి పరిశోధనలు చూపినవి. మూడు బొమ్మల పాఠములో ఈ గండమే కనబడదు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి విద్యార్థులకు సముద్రము దూరము, చెరువు దగ్గర. బయ్యారం పెద్దచెరువు, గణపసముద్రము వంటి కాకతీయుల నాటి చెరువులు ఇక్కడ గలవు. 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకములో చెరువులకు 35–40, జలాశయములకు 80–100 మిల్లీమీటర్ల పిల్లలను నిర్ణయించిరి. ఆ పరిమాణమునకు పిల్ల ఆకారములో చేపయే. రూపము మారు గండము దాటి వచ్చినది. అందుచేత చెరువుగట్టున దానిని చూచిన విద్యార్థి, చేప పుట్టుకతోనే ఇట్లుండునని భ్రమించుట సహజము.

ఆ భ్రమను తొలగించుట ఉపాధ్యాయుని పని. అప్పుడే పుట్టిన పండుగప్ప పిల్లను నల్లబల్లపై నూరురెట్లు పెంచి 15 సెంటీమీటర్ల నిడివిగా గీయవచ్చును. నోరు లేని ఆ బొమ్మ ప్రక్కన చెరువు పిల్లను నిలిపి, “ఈ రెంటి నడుమ ఏమి జరిగినది?” అని అడుగవలెను. ఆ ప్రశ్నతోనే అసలు పాఠము మొదలగును.