రాత్రికి తగిన లెన్సు
రాత్రి ఫొటోలు తీసేవారి నేర్పు లెన్సు ఎంపికలోనే తెలిసిపోతుంది. చీకట్లో మొదట చూడాల్సింది అపర్చర్. ఎఫ్/2.8 కన్నా ఎఫ్/1.4 నాలుగు రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది. పాలపుంతకు 20, 24 మి.మీ. వైడ్ లెన్సులు మేలు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 24 మి.మీ.తో షట్టర్‌ను 20 సెకన్లకు మించి తెరిచి ఉంచితే చుక్కలు గీతలుగా సాగుతాయి. చాలా లెన్సులను పూర్తిగా తెరిస్తే ఫ్రేము మూలల్లోని చుక్కలు రెక్కలు విప్పిన పిట్టల్లా కనిపిస్తాయి. దీన్ని కోమా అంటారు. కొనేముందే దాన్ని పరీక్షించి చూసుకునే ఓపిక ఎంతైనా మెచ్చదగినది.

వీధి లెక్క వేరు. చార్మినార్ పక్కన లాడ్ బజారులో, గాజుల తళుకు వాటిని అమ్మే మనిషి ముఖం మీద పడే క్షణానికి చిన్న 35 మి.మీ. లెన్సు చాలు, అది ఎవరినీ బెదరగొట్టదు. రెండింటికీ ఒక్కటే కొనాలంటే 24 మి.మీ. ఎఫ్/1.8 సరైనది.