బనియన్ చెప్పిన కబురు

నవంబరులో ఒక శుక్రవారం దోహా నుంచి షమాల్ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి వంద కిలోమీటర్లు వెళ్లాను. సంచిలో రెండు పాత కాటన్ బనియన్లు. మదీనత్ అల్ షమాల్ అవతల ఒక మజ్రాలో (వ్యవసాయ క్షేత్రంలో) పనిచేసే జగిత్యాల అన్న వాటిని చూసి, "ఉతుక్కోనీకి ఇంత దూరం వచ్చినవా తమ్మీ?" అన్నాడు.

"పాతిపెట్టనీకి అన్నా."

ల్యాబు అందుబాటులో లేనివాడు మట్టి ప్రాణం చూసుకునే పద్ధతి ఇది. పత్తి అంటే సెల్యులోజు. మట్టిలో బ్యాక్టీరియా, శిలీంధ్రాలు చురుగ్గా ఉంటే రెండు నెలల్లో గుడ్డను తినేస్తాయి. లేకపోతే పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. ఒక బనియన్‌ను పశువుల పెంట, రాలిన ఆకు పడే ఖర్జూరపు పాదులో జానెడు లోతున పాతాం. రెండోది, ఉప్పు బోరునీళ్లు పారీ పారీ తెల్లగా పొక్కు కట్టి బీడుగా వదిలేసిన మడిలో.

ఖతర్‌లో ఏడాదికి కురిసేది ఎనభై మిల్లీమీటర్లకు అటూఇటూ. ఆ కాస్త వాన కొట్టుకొచ్చిన ఒండ్రు పల్లాల్లో చేరుతుంది. అలాంటి పల్లాన్ని ఇక్కడ 'రౌదా' అంటారు. సాగు ఎక్కువగా వాటిలోనే. దేశంలో కాస్త మంచి భూగర్భజలం ఈ ఉత్తరాన ఉండేది. ఊరేదానికన్నా తోడేది ఎక్కువై అదీ ఉప్పెక్కింది.

ఉప్పుకీ బ్యాక్టీరియాకీ ఉన్న వైరం తెలియనివాళ్లం కాదు మనం. ఆవకాయ ఏడాది నిలిచేది ఉప్పు సూక్ష్మజీవి ఒంట్లో నీరు లాగేయబట్టే కదా. పొలంలోనూ అదే. బతికిన కొద్ది బ్యాక్టీరియా నీటిని కాపాడుకోవడానికే శక్తి ఖర్చు పెట్టుకుంటుంది. ఆకును కుళ్లబెట్టి పైరుకు నత్రజని అందించే పని మందగిస్తుంది.

జనవరిలో మళ్లీ వెళ్లి తవ్వాం. పాదులోంచి మెడ పట్టీ, నైలాన్ కుట్టుదారం, నాలుగు పీలికలు వచ్చాయి. బీడు మడిలోది నిలువునా దొరికింది. గంజి పెట్టినట్టు బిర్రబిగిసి ఉంది. దులిపితే ఉప్పు రాలింది.

"ఇది ఊరబెట్టిన బనియన్" అన్నాడు అన్న.

మంచి మట్టి గ్రాములో వంద కోట్ల దాకా బ్యాక్టీరియా ఉంటుందంటారు. సేంద్రియ కర్బనంలో తేడా కనబడడానికి ఏళ్లు పడితే, బ్యాక్టీరియా వారాల్లోనే తన కబురు చెబుతుంది. కానీ 2015లో మన దగ్గర మొదలైన భూసార కార్డులో పన్నెండు గడులున్నాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు వగైరా. సూక్ష్మజీవులకు గడి లేదు. సేంద్రియ కర్బనం గడి ఒక్కటే వాటి ఉనికికి దూరపు ఆనవాలు. కొట్లో సరుకు లెక్క రాసుకున్నాం, కొట్టు నడిపేవాడు ఉన్నాడా లేడా చూడలేదు.

ఆ మాటకొస్తే బనియన్ కూడా తీర్పరి కాదు. బ్యాక్టీరియా ఎక్కువ ఉన్నంత మాత్రాన గాదె నిండదు. ఎండిన నేల మీద తొలివాన పడగానే సూక్ష్మజీవులు ఒక్కసారిగా ఊపిరి తీస్తాయి. ఆ రోజు కొలిస్తే బీద మట్టి కూడా భాగ్యశాలిలా కనబడుతుంది. యూరియా దట్టిస్తే నిస్సారమైన నేల కూడా నాలుగు కార్లు పండి చూపిస్తుంది. అందుకే ఒకే పొలంలో రెండు చోట్ల, ఒకే రోజు పాతి, ఒకే రోజు తవ్వాలి. పెసర మొక్క పీకి వేరు బుడిపె చీల్చి చూడాలి. లోపల ఎర్రగా ఉంటే నత్రజని పట్టే రైజోబియం బ్యాక్టీరియా పనిలో ఉన్నట్టు. తడి మట్టి పిడికెడు తీసి వాసన చూడాలి. వాన వాసనని మనం మురిసిపోయేది స్ట్రెప్టోమైసిస్ లాంటి బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ వల్ల. దానికా పేరు పెట్టింది 1965లో. మన తాతల ముక్కులకు అది అంతకుముందే తెలుసు.

పెంట బస్తాలు దించుతూ అన్న అన్నాడు: "మనూర్ల వరి కోసినంక గడ్డికి అగ్గి పెడ్తిమి. ఈడ పెంటను బస్తాల లెక్కన కొని ఇసుకల కలుపుతున్నం. ఆడ కాలబెట్టిన చేతులే తమ్మీ ఇవి."

నేనేమీ అనలేకపోయాను. నిరుడు వేసవిలో సెలవుకు వెళ్లినప్పుడు మా మడిలో అగ్గిపుల్ల గీసింది నేనే.

బయల్దేరేముందు, ఆ బిగిసిన బనియన్ తనకిమ్మన్నాడు. కొడుక్కి ఫోనులో చూపించి, ఊళ్లో తమ పొలంలోనూ ఒకటి పాతించాలట. "ఎనిమిదేండ్లాయె నేను ఆ మట్టి ముట్టక."

కాసేపాగి అడిగాడు: "అది గూడ గిట్లనే గంజి పెట్టినట్టు వస్తే?"

జవాబు కోసం చూడకుండా డ్రిప్పు వాల్వు తిప్పడానికి వెళ్లిపోయాడు.