కొండపల్లి కొయ్యబొమ్మలు – కథన శిల్పం

విజయవాడకు సమీపంలోని కొండపల్లిలో తయారయ్యే కొయ్యబొమ్మలను అలంకార వస్తువులుగా పరిగణించడం పరిపాటి. 2007లో లభించిన భౌగోళిక గుర్తింపు వాటి పేరుకు రక్షణ కల్పించింది. అయితే ఆ బొమ్మలు కథ చెప్పే తీరు, ఆ తీరును శిల్పి అభ్యసించే క్రమం ప్రత్యేకంగా పరిశీలింపదగినవి.

ఈ కథనానికి మూలం నిర్మాణ విధానంలోనే ఉంది. తెల్లపొణికి తేలికైన, మెత్తని కర్ర. దానిని ఆరబెట్టి, సెగ చూపి తేమను పోగొట్టిన తరువాత అవయవాలను, పనిముట్లను వేరువేరుగా చెక్కుతారు. రంపపుపొట్టు, చింతగింజల జిగురు కలిపిన మక్కుతో వాటిని అతికి, సున్నం పూసి, రంగులద్దుతారు. కనుక చేయి మొండేనికి ఏ వాలున చేరుతుందో అతికే వేళ తేలుతుంది. రోకలి ఎత్తిన చేయి దంపుడును, కవ్వపుతాడు లాగే చేయి చిలుకుడును సూచిస్తాయి. తరిమెన పట్టిన ఏటికొప్పాక బొమ్మలో గుండ్రని ఆకృతికి ప్రాధాన్యముంటే, ఇక్కడ క్రియకు ప్రాధాన్యముంది.

తాటిచెట్టెక్కే గీతకార్మికుని బొమ్మ ఇందుకు నిదర్శనం. ముఖంలో భావవైవిధ్యం స్వల్పం. నిట్టనిలువు మానును అంటిపెట్టుకొన్న దేహమే శ్రమను పలుకుతుంది. దశావతారాల వరుసలో మాత్రం కథ క్రమం వల్ల సిద్ధిస్తుంది. బొమ్మల కొలువులో బొమ్మలు పేర్చే ఇల్లాలు సైతం ఈ కథనంలో భాగస్వామియే.

చెక్కడం, అతకడం, రంగులద్దడం కుటుంబ సభ్యులు పంచుకొనే వృత్తి ఇది. ఒకే కప్పు కింద పనులన్నీ సాగడం వల్ల, అభ్యాసకుడు తన చేతిలోని ముక్క బొమ్మలో ఏమి కాబోతున్నదో చూస్తూ నేర్చుకొంటాడు. సమస్య మరొక చోట ఉంది. కృష్ణా డెల్టా గ్రామాలలో వడ్లు దంపే పని మిల్లులకు చేరింది. దంపుడు చూడని అభ్యాసకుడు ఆ భంగిమను దేహం నుంచి గాక పాత బొమ్మ నుంచి గ్రహించవలసి వస్తుంది. అప్పుడు నడుము వంపు గుర్తుగా మిగిలి, రోకలి బరువు జారిపోయే ప్రమాదముంది.

అందువల్ల శిక్షణ ఉలి పట్టించడంతో ఆగరాదు. పాత భంగిమల వెనుకనున్న పనులను పెద్దల చేత చేయించి చూపడం, నేటి డెల్టా శ్రమలను గమనింపజేయడం అందులో భాగం కావాలి. పనిచేసే మనిషిని చూసిన కన్ను లేనిదే, నేర్పరి చేయి రూపాన్ని ఇవ్వగలదు గాని కథను ఇవ్వలేదు.